అక్వేరియంలో పెద్ద సొరచేపలతో స్కూబా డైవ్: సమగ్ర మార్గదర్శి

సముద్రంలో సొరచేపకు మన వాలకం నచ్చకపోతే పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. అక్వేరియం ట్యాంకులో దానికి ఆ వీలు లేదు. గోడ దాకా వెళ్లి మళ్లీ మన వైపే రావాలి. కాబట్టి ఇక్కడ దారి ఇవ్వాల్సింది, ఒదిగి ఉండాల్సింది మనమే. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే డైవ్‌కు ముందు చెప్పే నిబంధనల్లో చాలావరకు ఎవరూ వివరించకుండానే అర్థమవుతాయి. చేతులు ఎందుకు కట్టుకోమంటారో, ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) ఎందుకు విప్పేయమంటారో, అందరినీ ఇసుకలో ఒకేచోట ఎందుకు మోకరిల్లమంటారో తెలిసిపోతుంది.

భయం సంగతి ముందే తేల్చేద్దాం. సొరచేపల కాట్ల లెక్కలు రాసే ఫ్లోరిడా మ్యూజియం వారి 'ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్' చూస్తే, ప్రపంచంలోని సముద్రాలన్నీ కలిపినా, మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు ఏడాదికి 60, 70 ప్రాంతంలోనే ఉంటాయి. ట్యాంకులో దిగే కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేవి సొర పళ్లు కావు. సర్దుకోని చెవులు, అదుపు తప్పిన ఊపిరి, మునగడానికి ఒంటికి సరిగా కట్టని బరువులు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు ఏ రకం డైవో తేల్చుకోండి

'సొరలతో డైవ్' అన్న ఒకే మాట కింద అక్వేరియాలు రకరకాల కార్యక్రమాలు నడుపుతాయి. సర్టిఫికెట్ ఉన్న డైవర్లకు మాత్రమే ఇచ్చే డైవ్ ఒకటి. ఎప్పుడూ నీటి అడుగున ఊపిరి తీసుకోనివాళ్లకు అక్కడికక్కడే కొద్దిసేపు నేర్పి, శిక్షకుడు పక్కనే ఉండి దింపే డైవ్ మరొకటి. బోనులో నిలబడి చూసేది ఇంకొకటి. నీటిపైనే స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో తేలుతూ కిందకు చూసేది కూడా ఇదే పేరుతో కనిపిస్తుంది.

స్కాట్లాండ్‌లోని నార్త్ క్వీన్స్‌ఫెర్రీలో ఉన్న డీప్ సీ వరల్డ్ కొత్తవాళ్లనూ అనుభవం ఉన్న డైవర్లనూ శాండ్ టైగర్ సొరల మధ్యకు తీసుకువెళుతూ పేరు తెచ్చుకుంది. అట్లాంటాలోని జార్జియా అక్వేరియం తిమింగలం సొరలకు, అంటే వేల్ షార్కులకు పేరు పొందింది. వాటి ట్యాంకు సామర్థ్యం సుమారు 2.4 కోట్ల లీటర్లు, లోతు 10 మీటర్ల వరకు. అక్కడ నీటిపై ఈదేవారికి ఒక కార్యక్రమం, స్కూబా చేసేవారికి మరొకటి విడిగా ఉన్నాయి. దుబాయ్ మాల్‌లోని కోటి లీటర్ల ట్యాంకు కూడా శాండ్ టైగర్లకు పేరున్నదే. ఏ అక్వేరియమైనా కార్యక్రమాలు, వయసు నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బుక్ చేసే ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

ఆ ఫోన్‌లో నేనైతే ఇవి అడుగుతాను. ఒక్కొక్క విడతలో ఎంతమంది సందర్శకులను దింపుతారు? వాళ్లకు ఎంతమంది సిబ్బంది డైవర్లు? సొరలకు మేత ఎప్పుడు వేస్తారు, డైవ్‌కు దగ్గరలోనేనా? ట్యాంకులో ఏ జాతులున్నాయి? చివరి ప్రశ్న: సొరను ముట్టుకోనిస్తారా? దీనికి 'ఓ, తప్పకుండా' అని ఉత్సాహంగా జవాబొస్తే అక్కడ డబ్బు కట్టకండి. జంతువును ముట్టుకోవడాన్ని ఆకర్షణగా అమ్ముకునేచోట మిగతా జాగ్రత్తలు కూడా అంతంతమాత్రంగానే ఉంటాయన్నది నా అభిప్రాయం. అమెరికాలో ఏజడ్‌ఏ, యూరప్‌లో ఈఏజడ్‌ఏ అనే జూలు, అక్వేరియాల సంఘాల గుర్తింపు ఉందో లేదో చూసుకోవడం కూడా మంచిదే. గుర్తింపు ఉంటే అంతా సవ్యమని కాదు గానీ, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తారన్న భరోసా ఉంటుంది.

సొరలను అసలు ట్యాంకులో పెట్టడం న్యాయమేనా అన్న ప్రశ్న మీకు వస్తే అది సహజమే. బందీగా పెరిగిన శాండ్ టైగర్లలో వెన్నెముక వంకరలు కనిపించిన సంగతి పరిశోధకులు నమోదు చేశారు. మరోవైపు కేప్‌టౌన్‌లోని టూ ఓషన్స్ అక్వేరియం లాంటివి తమ దగ్గర కొన్నాళ్లు ఉంచిన సొరలకు గుర్తింపు ట్యాగులు వేసి తిరిగి సముద్రంలో వదిలాయి. పెద్ద తెల్ల సొర మాత్రం ఏ ట్యాంకులోనూ ఇమడలేదు. కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం 2004–05లో ఒక పిల్ల తెల్ల సొరను 198 రోజులు ఉంచి సముద్రంలో వదిలేసింది. కాబట్టి సినిమాల్లో చూసే ఆ సొర మీకు అక్వేరియంలో ఎదురుకాదు.

లోపల ఉండేదెవరో తెలుసుకుని వెళ్లండి

భయం తగ్గడానికి అన్నిటికంటే మంచి మందు ఇదే. ఎక్కువ ట్యాంకుల్లో మీకు ఎదురయ్యేది శాండ్ టైగర్. దక్షిణాఫ్రికాలో దీన్నే 'రాగెడ్ టూత్' అంటారు, ఆస్ట్రేలియాలో 'గ్రే నర్స్' అంటారు. పేరులో టైగర్ ఉన్నా నిజమైన టైగర్ షార్క్‌కూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. నోరు ఎప్పుడూ కాస్త తెరిచే ఉంటుంది, సూదుల్లాంటి పళ్లు వరసలు వరసలుగా బయటికి కనిపిస్తాయి. కరవబోతోందేమో అనిపిస్తుంది గానీ అది దాని దవడ తీరు మాత్రమే. చేపల్ని జారిపోకుండా పట్టుకోవడానికి ఏర్పడ్డ పళ్లవి.

సొరలకు మామూలు చేపల్లా గాలితిత్తి ఉండదు. నూనె నిండిన పెద్ద కాలేయమే వాటిని కొంత తేలిక చేస్తుంది. శాండ్ టైగర్ మాత్రం ఇంకో ఉపాయం చేస్తుంది. నీటిపైకి వచ్చి గాలి మింగి, దాన్ని పొట్టలో ఉంచుకుని, తోక దాదాపు కదపకుండానే నీటి మధ్యలో వేలాడుతూ ఉంటుంది. ఇది వినోదం కోసం చెబుతున్న విషయం కాదు. ఆ సొర నీటి ఉపరితలానికీ, మధ్య లోతుకూ తరచూ వస్తుంది కాబట్టి మీరు దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఆ మధ్య నీటిలో దానికి అడ్డం పడకూడదు. ఉలిక్కిపడితే తోకను కొరడాలా ఝాడించి పెద్ద చప్పుడు చేసి దూసుకుపోతుంది. ఆ చప్పుడు వినబడిందంటే ఎవరో దానికి మరీ దగ్గరగా వెళ్లారని అర్థం.

నర్స్ షార్క్ ఇసుకలో బద్ధకంగా పడుకుని ఉంటుంది. నోటితో నీటిని లోపలికి గుంజుకుని మొప్పల మీదుగా పంపగలదు కాబట్టి దానికి ఊపిరి కోసం ఈదుతూ ఉండాల్సిన పని లేదు. సాధుజంతువులా కనిపిస్తుంది కనుకే జనం తోక పట్టుకుంటారు, కాటు తింటారు. పీల్చి పట్టే నోరు దానిది. పట్టిందంటే ఓ పట్టాన వదలదు. పడుకున్న నర్స్ షార్క్ పక్కన మోకాలు పెట్టబోతున్నారా అన్నది మీరు దిగేటప్పుడే చూసుకోవాలి.

జీబ్రా షార్క్‌కు చిన్నప్పుడు చారలుంటాయి, పెద్దయ్యాక మచ్చలొస్తాయి. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో రీఫ్ హెచ్‌క్యూ అక్వేరియంలో లియోనీ అనే ఆడ జీబ్రా షార్క్, ఏళ్ల తరబడి మగ తోడు లేకుండానే పిల్లల్ని కని 2017లో వార్తలకెక్కింది. అలాంటి ట్యాంకులో దిగితే సిబ్బంది డైవర్లను కథలు అడగండి, బోలెడు చెబుతారు.

ఇక శాండ్‌బార్, బ్లాక్‌టిప్, గ్రే రీఫ్ లాంటివి ఆగకుండా ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరు వెళుతుంది. వీటి దారికి అడ్డం పడటమంటే వాటి ఊపిరికి అడ్డం పడినట్టే. గ్రే రీఫ్ సొర విసుగెత్తితే ఎలా చెబుతుందో జాన్సన్, నెల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో వివరంగా రాశారు. ముందు రెక్కలు కిందకు వాలుస్తుంది, ముక్కు పైకెత్తి వీపు వంచుతుంది, ఈత అతిగా వంకరలు పోతుంది. ఆ భంగిమ కనిపిస్తే కదలిక తగ్గించి, దాన్ని మూలకు నెట్టకుండా నెమ్మదిగా వెనక్కు జరగడమే మన పని. ఇది ట్యాంకులో అరుదు. అయినా తెలిసి ఉండటం మంచిది.

తిమింగలం సొర ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. తినేది మాత్రం నీటిలో తేలే సూక్ష్మజీవులు, చిన్న చేపలు. దాని నోటితో మనకు పేచీ లేదు, తోకతోనే. అది వెళుతుంటే పక్క నుంచి చూడండి, వెనక వెళ్లకండి.

ఒక్కమాట, సొరలనే చూస్తూ మిగతావాటిని మరిచిపోవద్దు. ట్యాంకుల్లో పనిచేసే డైవర్లను 'ఎవరితో విసుగు?' అని అడిగితే చాలామంది చెప్పే పేరు సముద్రపు తాబేలు. దానికి భయం ఉండదు, తినేదేమో అని గొట్టాలనూ వేళ్లనూ కొరికి చూస్తుంది. ఇసుకలో దాగిన టేకు చేప తోక మీద ముల్లుంటుంది. అందుకే అడుగున కాలు మోపేటప్పుడు ఎత్తి వేయకుండా ఇసుక మీద జరుపుతూ పెట్టమంటారు.

సర్టిఫికెట్, ఆరోగ్యం

సర్టిఫికెట్ కావాల్సిన కార్యక్రమమైతే పీఏడీఐ, ఎస్ఎస్ఐ లాంటి డైవింగ్ శిక్షణ సంస్థల ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి సాధారణంగా సరిపోతుంది. ఆ స్థాయిలో అనుమతించే లోతు 18 మీటర్లు, ట్యాంకులు అంత లోతు ఉండవు. కార్డు ఉన్నా చాలాకాలంగా నీళ్లలో దిగకపోతే ముందు ఒక ఈతకొలనులో రిఫ్రెషర్ చేసి వెళ్లండి. సొరల ముందు మాస్క్‌లో నీళ్లు తీయడం గుర్తు చేసుకోవడం మంచి ఆలోచన కాదు.

ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. అందులో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఊపిరితిత్తి కుప్పకూలిన చరిత్ర, చెవి లేదా సైనస్ ఆపరేషన్లు, గర్భం వంటివి ఉంటాయి. ఒక్కదానికి 'అవును' అన్నా డాక్టరు సంతకం కావాలనవచ్చు కాబట్టి డైవ్ రోజున కాక బుక్ చేసిన రోజే ఆ ఫారం తెప్పించుకుని చదవండి. 'ఎనిమిది మీటర్ల లోతుకేగా' అని దాచవద్దు. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువన్న నమ్మకం ఈ ఒక్క చోట తిరగబడుతుంది.

కారణం ఇది. ఉపరితలంలో ఒత్తిడి 1 అయితే 10 మీటర్ల దగ్గర 2. 20 దగ్గర 3. అంటే 20 నుంచి 10కి వస్తే గాలి ఒకటిన్నర రెట్లే అవుతుంది, 10 నుంచి పైకి వస్తే రెట్టింపు అవుతుంది. చివరి పది మీటర్లలోనే గాలి ఎక్కువగా వ్యాకోచిస్తుంది, ట్యాంకు మొత్తం ఉండేది ఆ పది మీటర్లలోనే. నిండా ఊపిరి పీల్చి బిగబట్టి పైకి వస్తే ఒకటి రెండు మీటర్ల నుంచి కూడా ఊపిరితిత్తి గాయపడగలదు. స్కూబాలో మొదటి సూత్రం 'ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు' అని ఉన్నది అందుకే. సొర దగ్గరికి వచ్చినప్పుడు మనిషి అసంకల్పితంగా చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ డైవ్‌లో అసలు కష్టం ఎక్కడుందో తెలుస్తుంది.

జలుబు ఉంటే ఆ రోజుకు మానేయండి. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్ర వేసుకుని దిగితే అది నీళ్లలో ఉండగానే పనిచేయడం ఆగిపోవచ్చు. అప్పుడు పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుంటుంది.

ఇంట్లోనే చేసుకోగల సాధన

ఊపిరితోనే మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని, ముక్కు మూసి, నోటితో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. మధ్యలో బిగబట్టవద్దు. రోజూ కాసేపు ఇలా చేస్తే ఉలిక్కిపడినప్పుడు కూడా శరీరం ఆ లయకే తిరిగి వస్తుంది.

దీని లాభం లెక్కల్లోనూ కనిపిస్తుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా నింపితే 2,400 లీటర్ల గాలి. 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి వాడుకోగలిగేది 1,800. ఆరు మీటర్ల లోతులో ఒత్తిడి 1.6. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 32 పీలుస్తాడు, అంటే 56 నిమిషాలు వస్తుంది. కంగారుతో 30 లీటర్ల చొప్పున పీలిస్తే అక్కడ 48 అవుతుంది, 37 నిమిషాలకే గాలి అయిపోవస్తుంది. అక్వేరియం డైవ్‌లు సాధారణంగా అరగంట, నలభై నిమిషాలు ఉంటాయి. జట్టులో ఒకరి గాలి తగ్గితే అందరూ పైకి రావాల్సి రావచ్చు.

చేతులు కట్టుకుని ఈదే అలవాటు కూడా చేసుకోండి. కొలనులో చేతులు వాడకుండా ఒకేచోట నిలకడగా తేలగలిగితే మీకు బాయన్సీ, అంటే తేలే తీరు మీద పట్టు ఉన్నట్టే. చాలామందికి నీళ్లలో చేతులు తెడ్లలా ఆడించే అలవాటు ఉంటుంది. ట్యాంకులో ఆ చేతులే సొర మొహానికి తగులుతాయి.

మీసం దట్టంగా ఉన్నవాళ్లకు మాస్క్ కారుతుంది. ముక్కు కింద, మాస్క్ అంచు ఆనేచోట కొద్దిగా కత్తిరించుకుంటే చాలు. నూనెలూ క్రీములూ రాసుకోవద్దు, వాటిని ట్యాంకులోకి రానివ్వరు.

ఆ రోజు, నీళ్లలో దిగే ముందు

ఉంగరాలు, గొలుసులు, చెవి దిద్దులు, వాచీ గదిలోనే వదలండి. వెలుతురులో మెరిసే లోహం చేప పొలుసులా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, జారి పడితే ఆ ఉంగరం ఏదో ఒక చేప కడుపులోకి చేరుతుంది. సన్‌స్క్రీన్, అత్తరు, మేకప్ కడిగేసుకోమంటారు, స్నానం చేసే దిగమంటారు. మాస్క్ తప్ప మీ సొంత సామాను చాలాచోట్ల లోపలికి రానివ్వరు. బయటి సముద్రాల నుంచి మీ వెట్‌సూట్ మోసుకొచ్చే రోగక్రిములు ట్యాంకులో ఉన్నవాటికి కొత్త. తప్పించుకుపోయే చోటు లేని జంతువులకు అంటువ్యాధి సోకితే అన్నిటికీ సోకుతుంది.

నీళ్లు వెచ్చగా ఉన్నాయని పొట్టి సూట్ అడగకండి. గాలికంటే నీరు శరీరపు వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. మీరేమో కదలకుండా కూర్చోబోతున్నారు. వణుకు మొదలైతే ఊపిరి లయ తప్పుతుంది, గాలి ఎక్కువ ఖర్చవుతుంది.

బరువుల విషయంలో ఆశ్చర్యపడకండి. చాలా అక్వేరియాల్లో ఫిన్స్ ఇవ్వరు. మామూలుకంటే ఎక్కువ బరువు కట్టి, అడుగున నిలబడేలా దింపుతారు. ఫిన్స్ ఆడిస్తే ఇసుక లేచి నీరు మసకబారుతుంది, అక్రిలిక్ గోడకు తగిలితే గీతలు పడతాయి. అక్రిలిక్ గాజులా గట్టిది కాదు, సిలిండర్ అంచు తగిలినా గీత పడుతుంది. ఈతకు అలవాటుపడ్డ డైవర్లకు ఈ అదనపు బరువు చిరాకు తెప్పిస్తుంది. అది అక్కడి పద్ధతి, వాదించి లాభం లేదు. అయితే ఆ బరువు వేగంగా విడదీసే బకిల్ ఎక్కడుందో మాత్రం చేత్తో తడిమి తెలుసుకునే దిగండి.

బ్రీఫింగ్‌లో సైగలు చెబుతారు. తెలిసినవే అనుకోకుండా వినండి. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి వెళదాం' అని. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చేస్తేనే 'బాగున్నాను' అని. అరచేయి చాచి అటూ ఇటూ ఊపితే 'ఏదో సరిగా లేదు' అని. చూసిన ఆనందంలో బొటనవేలు ఎత్తినవాళ్లను సిబ్బంది నేరుగా పైకి తీసుకువెళ్లడం కొత్తేమీ కాదు. సిబ్బంది చేతిలో ప్లాస్టిక్ కర్ర కనిపిస్తుంది. అది సొరను కొట్టడానికి కాదు, మరీ దగ్గరికి వస్తే మెల్లగా పక్కకు మళ్లించడానికి.

నీళ్లలో

సాధారణంగా మెట్ల మీదుగానో ఒక వేదిక మీదనుంచో దింపుతారు. దూకనివ్వరు, చప్పుడు కాకూడదు. తల మునిగిన వెంటనే చెవుల్లో ఒత్తిడి సర్దే పని మొదలుపెట్టండి. ముక్కు మూసి మృదువుగా గాలి ఊదడం, లేదా గుటక మింగడం, ప్రతి అరమీటరుకూ ఒకసారి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. సర్దుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. బలంగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. కింద సొరలు ఎదురుచూస్తూ ఉండవు, జట్టు కాసేపు ఆగుతుంది, అంతే.

దిగుతూ కిందకే కాదు, పక్కలకూ చూడండి. సొర మీ స్థాయిలోనే వస్తుంటే తాడునో నిచ్చెననో పట్టుకుని ఆగి, అది దాటాక కదలండి.

అడుగుకు చేరాక వీపును రాతి గోడకో, జట్టుకో ఇచ్చి మోకాళ్ల మీద కూర్చోబెడతారు. సిలిండర్ వెనక్కు లాగుతుంది కాబట్టి కొంచెం ముందుకు వాలండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని మోచేతులు శరీరానికి ఆనించండి. ఆ తర్వాత మీరు చేయాల్సింది చూడటం, ఊపిరి వదలడం. ముఖ్యంగా వదలడం. బుడగలు వరసగా వస్తూ ఉన్నాయా అని సిబ్బంది కూడా అదే చూస్తుంటారు.

మొదటి ఐదు నిమిషాల్లో సొరలు ఒక పక్క నుంచి మిమ్మల్ని పరిశీలించి పోతాయి. వాటి ముక్కు చుట్టూ సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని 1678లో ఇటలీ వైద్యుడు స్టెఫానో లోరెంజినీ వర్ణించాడు కనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. అవి బతికున్న శరీరాల నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును పసిగడతాయి. పక్కల వెంట ఉండే పార్శ్వరేఖ నీటి కదలికను పట్టేస్తుంది. అంటే మీ కంగారు కాళ్ల ఆట మీకంటే ముందు దానికే తెలుస్తుంది. కదలని మనిషి మీద ఆసక్తి త్వరగా పోతుంది. తర్వాత అవి వాటి మామూలు తిరుగుడులో పడిపోతాయి. చూడదగ్గ అసలు డైవ్ అప్పుడు మొదలవుతుంది.

ట్యాంకులో చాలా సొరలు ఒకే దిశలో చుట్లు కొడతాయి. రెండు మూడు చుట్లు గమనిస్తే ఏది ఎక్కడ మలుపు తీసుకుంటుందో తెలిసిపోతుంది. అది వచ్చే వైపు ముందే చూపు నిలపండి, తలను గిరుక్కున తిప్పే పని తప్పుతుంది. మాస్క్ వెనక గాలి ఉండటం వల్ల నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. రెండున్నర మీటర్ల సొర మూడు మీటర్లు దాటి కనిపిస్తుంది. 'మొహం మీదకు వచ్చేసింది' అనిపించిన చాలా సందర్భాల్లో అది అంత దగ్గరికి రాలేదు. గుర్తుపెట్టుకోండి, ఊపిరికి మంచిది.

నేరుగా మీ వైపే వస్తే? కదలకండి, చేయి చాచకండి. దాదాపు ఎప్పుడూ అది తలకు పైనుంచో పక్కనుంచో మళ్లుతుంది. పొట్ట తగిలిపోయేంత దగ్గరగా పోయినా మీరు దాన్ని తాకకూడదు. సొర చర్మం మీద పళ్లలాంటి సూక్ష్మమైన పొలుసులుంటాయి, తోక నుంచి తల వైపు రుద్దితే గరుకు కాగితంలా గీసుకుపోతుంది.

ఇసుకలో రాలిన సొర పళ్లు కనిపిస్తాయి. శాండ్ టైగర్‌కు పళ్లు జీవితాంతం రాలుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి. తీసుకోవచ్చా లేదా అన్నది పైనే అడిగి తెలుసుకోండి. కొన్నిచోట్ల సిబ్బందే ఏరి ఇస్తారు, కొన్నిచోట్ల అనుమతించరు. చేత్తో ఇసుక తవ్వడం మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.

మీవాళ్లు ట్యాంకు కిటికీ అవతల నిలబడి ఉంటే చేయి ఊపాలనిపిస్తుంది. మోచేయి శరీరానికి ఆనించి వేళ్లు మాత్రం ఆడించండి. కిటికీకి ఎదురుగా ఉంటేనే వాళ్లు కనిపిస్తారు. బాగా ఏటవాలుగా, సుమారు 49 డిగ్రీలు దాటి చూస్తే కిటికీ పూర్తిగా అద్దంలా మారి ట్యాంకునే చూపిస్తుంది. అక్కడ ఈదుతున్న రెండో సొర నిజంగా ఉందా లేక ప్రతిబింబమా అని కొత్తవాళ్లు తికమకపడుతుంటారు.

కెమెరా గురించి నా సలహా సూటిగా చెబుతాను: మొదటి డైవ్‌కు వద్దు. చాలాచోట్ల సిబ్బందే వీడియో తీసి ఇస్తారు. తప్పనిసరిగా తీసుకువెళ్తే ఛాతీకో మాస్క్‌కో బిగించే చిన్నది తీసుకెళ్లండి. చాచిన కర్ర మీద పెట్టిన కెమెరా అంటే చాచిన చేయి కంటే పొడుగైన చేయి. ఫ్లాష్ వాడవద్దు.

ఏదైనా తేడా వస్తే

మాస్క్‌లో నీళ్లొస్తే అక్కడే, కూర్చున్నచోటే తీయండి. ఊపిరి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారితే కుడిచేతిని తొడ పక్క నుంచి వెనక్కు తిప్పి గొట్టాన్ని దొరకబుచ్చుకోండి. చేయి విశాలంగా చాపాల్సిన పని ఇది ఒక్కటే, అదీ తక్కువ వలయంలో చేయవచ్చు. గాలి తక్కువైతే ఎంత మిగిలిందో ఆ సంఖ్యను వేళ్లతో చూపించండి. దాచుకుని ఇంకొంచెం సేపు ఉందామనుకోవద్దు.

గుండె దడదడలాడి పైకి పారిపోవాలనిపించడం ఇక్కడ తరచూ జరిగేదే. ఆ క్షణంలో చేయాల్సింది ఒకటే: పొడుగ్గా ఊపిరి వదలండి, పక్కనున్న సిబ్బంది భుజం తట్టండి, 'సరిగా లేదు' అన్న సైగ చేయండి. వాళ్లు మీ కళ్లలోకి చూస్తూ చెయ్యి పట్టుకుంటారు. అరనిమిషంలో సర్దుకుంటే ఉండవచ్చు, లేదంటే బొటనవేలు పైకి. ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. ఒంటరిగా పైకి తన్నుకు వెళ్లడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం. బిగబట్టిన ఊపిరితో మధ్య నీటిలో చేతులూ కాళ్లూ కొట్టుకునే మనిషి సొరలకూ తనకూ ఒకేసారి అపాయం తెచ్చిపెడతాడు.

చిన్న గీత పడి రక్తం వస్తే సినిమాలో చూపినట్టు సొరలు మూగవు. అవి వేళకు తిని ఉంటాయి, మనిషి రక్తం వాటి తిండి కాదు. అయినా చెప్పండి, పైకి తీసుకువెళ్లి గాయం శుభ్రం చేస్తారు. అక్వేరియం నీటిలోని సూక్ష్మజీవుల వల్ల గాయం చీము పట్టవచ్చు.

పైకి వచ్చేటప్పుడు, తర్వాత

సైగ వచ్చాక లేచి తలెత్తి చూడండి. మీ పైన ఏ సొరా లేదని రూఢి చేసుకోండి. బీసీడీలో, అంటే తేలడానికి తొడుక్కునే గాలి జాకెట్‌లో గాలి నింపి రాకెట్‌లా పోవద్దు. అదనపు బరువు వల్ల మొదట గాలి కావాల్సి రావచ్చు గానీ, పైకి వచ్చేకొద్దీ అదే గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి వదులుతూ రావాలి. నిమిషానికి 9 మీటర్లకంటే వేగం వద్దు. ఊపిరి ఆడుతూనే ఉండాలి. నిచ్చెన దగ్గర రెగ్యులేటర్ తీసేయాలని తొందరపడతారు, పూర్తిగా గట్టు మీద నిలబడేదాకా నోట్లోనే ఉంచండి.

డికంప్రెషన్, అంటే పైకి వస్తూ ఒత్తిడి తగ్గేటప్పుడు ఒంట్లో కరిగిన వాయువు బయటికి పోయే విషయంలో ఈ డైవ్ తేలికైనదే. పీఏడీఐ పట్టిక ప్రకారం పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సిన పని లేకుండా 10 మీటర్ల లోతులో ఉండగల గరిష్ఠ కాలం 219 నిమిషాలు, మీరు ఉండేది అందులో అయిదో వంతు కూడా కాదు. విమానం విషయంలో మాత్రం ఈ లెక్కతో సంబంధం లేకుండా నియమం ఒకటే. డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. ఇది మరిచిపోయి సాయంత్రం విమానానికి టికెట్ తీసుకునేవాళ్లుంటారు కాబట్టి డైవ్ బుక్ చేసేటప్పుడే ప్రయాణం కూడా చూసుకోండి.

చెవులను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి. చెవి మూసుకున్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే, లేదా ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, తిమ్మిరి లాంటివి ఆ రోజే కనిపిస్తే డైవింగ్ తెలిసిన వైద్యుడికి చూపించండి, ఎంత లోతు నుంచి ఎలా పైకి వచ్చారో కూడా చెప్పండి.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఈ డైవ్‌ను లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చు. లోతు, సమయం, నీటి ఉష్ణోగ్రతతోపాటు కట్టుకున్న బరువు ఎంతో, ఫిన్స్ లేకుండా చేశారో లేదో తప్పక రాయండి. సముద్రంలో తర్వాతి డైవ్‌కు ఆ బరువు అంకెను పొరపాటున వాడితే రాయిలా మునుగుతారు. సిబ్బంది డైవర్ సంతకం, అక్వేరియం ముద్ర అక్కడే, సామాను తిరిగి అప్పగించేటప్పుడే వేయించుకోండి.